కళ్ల కింద నలుపు: మా చెల్లెకు ఏం చెయ్యాలె, జర చెప్పుండ్రి

సిరోంచ_పద్మ | ఆదివారం రాత్రి 9:15

అందరికి నమస్తే. మా చెల్లె గురించి రాస్తున్న. రాజురాల డిగ్రీ రెండో సంవత్సరం చదువుతాంది, హాస్టల్ల ఉంటది. పండుగకు ఇంటికొస్తె ముఖం చూసి మా అమ్మ ఏడ్చింది. రెండు కండ్ల కింద నల్లగ గీసినట్టున్నది, పెదవులు తెల్లగైనయ్. ఫోటో దిగుదాం రమ్మంటె ముఖం తిప్పుకుంటాంది.

మా అమ్మకు గుడ కండ్ల కింద జర నలుపున్నది, నా చిన్నప్పటి సంది చూస్తున్న. చెల్లెకు మాత్రం గింత లేకుండె. హాస్టల్ల ఎవలో ట్యూబు క్రీము ఇచ్చిన్రట. కొత్తల తెల్లగైందట. ఇప్పుడు ఒక్క దినం పెట్టకపోయినా మండుతాంది, ఎర్రగైతాంది. పెడితె మళ్ల సల్లబడ్తాంది. రాత్రి ఒంటిగంట దాక మేల్కొంటది, దినానికి నాలుగైదు సార్లు చాయ్ తాగుతది.

ఏం పెట్టాలె, ఏం తినిపియ్యాలె? మహారాష్ట్రల మా సిరోంచ దగ్గర చర్మం డాక్టర్ లేడు. ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు మీదికెల్లి మంచిర్యాల పోవాలె, లేదంటె చాందా (చంద్రపూర్). పోవుడు అవసరమైతె పోతం, అవసరమా కాదా అన్నది మీరే చెప్పుండ్రి.


గుణుపురం_సరోజిని | ఆదివారం రాత్రి 9:50

అమ్మా పద్మా, బెంగ పెట్టుకోకు. ఆ ట్యూబులూ గీబులూ అవతల పారీమను. పచ్చి బంగాళాదుంప కోరి, రసం దూదితో అద్ది కళ్ల కింద పెట్టాల. కీరా ముక్కలు చల్లగా పెట్టినా మంచిదే. నిమ్మరసంలో చిటికెడు పసుపు కలిపి రాస్తే నలుపు విరుగుద్ది. రాత్రి ఆముదం ఒక చుక్క. మా ఇంట్లో ఆడపిల్లలందరికీ ఇదే చేసీవోళ్లం.


బల్లార్షా_రమణ | ఆదివారం రాత్రి 10:05

అక్కా, ముందుగాల నిద్ర. మా మిల్లుల నైట్ షిఫ్ట్ చేసెటోళ్ల అందరి కండ్లు గట్లనే ఉంటయ్. ఫోను పక్కన పెట్టి పదింటికి పండుమను.


రాయగడ_సిస్టర్ | ఆదివారం రాత్రి 11:20

పద్మగారూ, నేను నర్సుని, డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. రాత్రే రాయడానికి కారణం ఆ ట్యూబు. దాని మీద చిన్న అక్షరాల్లో ఏ మందుల పేర్లు ఉన్నాయో చదివి ఇక్కడ రాయండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ వీటిలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్, అంటే వాపు, దురద అణిచే మందు. ‘పెడితే బాగుంటుంది, మానితే మండుతుంది’ అని మీరు రాశారు చూడండి, స్టెరాయిడ్‌కి అలవాటుపడిన చర్మం సరిగ్గా అలాగే చేస్తుంది.

కంటి కింద చర్మం ఒంట్లోకెల్లా పలచన, సుమారు అర మిల్లీమీటరు. అక్కడ స్టెరాయిడ్ రాస్తూ పోతే అది ఇంకా పలచబడుతుంది. లోపలి రక్తనాళాలు పైకి కనిపించి, నలుపు తగ్గకపోగా పెరిగినట్టు ఉంటుంది. అంతకన్నా పెద్ద భయం కంటికి. రోజూ రెప్పల దగ్గర రాస్తే కంటిలో ఒత్తిడి పెరిగి, కంటి నరం దెబ్బతినే గ్లకోమా రావచ్చు, శుక్లం రావచ్చు. గ్లకోమాలో పోయిన చూపు వెనక్కి రాదు. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కిరాణా కొట్టులో సబ్బు దొరికినట్టు దొరుకుతున్నాయి. హాస్టల్ ఆడపిల్లల చేతుల్లో వీటిని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

సరోజిని అమ్మగారూ, కీరా, బంగాళాదుంప పెడితే నష్టం లేదు. ఆ చల్లదనానికి రక్తనాళాలు కాస్త ముడుచుకుని, ఉబ్బు దిగుతుంది, కొన్ని గంటలు తేటగా ఉంటుంది. నిమ్మరసం మాత్రం ఆ పిల్లకి వద్దండి. నిమ్మ రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి, మచ్చ ఇంకా నల్లగా పడుతుంది. ఇప్పటికే ఒరుసుకుపోయిన చర్మం అది.

పద్మగారూ, ఇంకొన్ని సంగతులు చెప్పండి. నెలసరి ఎక్కువ పోతుందా? మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? బియ్యం, మట్టి, సుద్ద నమలాలనిపిస్తుందా? కంటి తెల్లగుడ్డు పచ్చగా ఉందా? చిన్నప్పటి నుంచి ఎముకల నొప్పులతో ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరిందా?


సిరోంచ_పద్మ | సోమవారం ఉదయం 7:30

సిస్టరమ్మా, ట్యూబు మీద క్లోబెటసాల్ అని ఉన్నది. ఇంకో రెండు పేర్లు గుడ ఉన్నయ్, ఒకటి హైడ్రోక్వినోన్. చదువంగనే నా చేతులు వణికినయ్.

నెలసరి ఎక్కువనే పోతది, ఏడెనిమిది దినాలు. హాస్టల్ మెట్లు ఎక్కితె గుండె దడదడ అంటదట. పచ్చి బియ్యం బుక్కుతది, చిన్నప్పటి సంది అలవాటే అనుకున్నం. కండ్లు పచ్చగ లెవ్వు. నొప్పులతోని దవాఖానల ఎన్నడు షరీక్ కాలె.


రాయగడ_సిస్టర్ | సోమవారం మధ్యాహ్నం 2:10

అయితే ప్రయాణం అవసరమే. రెండు పనులు చేయించండి.

క్రీము సంగతి డాక్టరు చేతిలో పెట్టండి. క్లోబెటసాల్ గట్టి స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్ చర్మాన్ని తెల్లబరిచే మందు కాబట్టి ఎలా మాన్పించాలో చూసి ఆయనే చెప్తారు. మానాక కొన్ని వారాలు ఎరుపు, మంట, దురద ఎక్కువవుతాయి. పిల్ల భయపడి మళ్లీ ఆ ట్యూబు పట్టుకునేది అప్పుడే. ముందే చెప్పి ఉంచండి, ఆ వారాలు దాటితే తగ్గుతుంది. వెళ్లినప్పుడే కంటి డాక్టరు దగ్గర కంటి ఒత్తిడి చూపించండి. మామూలుగా అది 10 నుంచి 21 మధ్య ఉంటుంది.

ఇక రక్తపరీక్ష. బియ్యం బుక్కడం, ఆయాసం, తెల్లబడ్డ పెదవులు, ఎక్కువ నెలసరి నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి. రక్తం తగ్గితే ముఖమంతా పాలిపోతుంది. పాలిపోయిన ముఖంలో కంటి కింది నలుపు రెండింతలు కనిపిస్తుంది. ఇది మీ ఇంటి సంగతే కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో మహారాష్ట్రలో 54.2 శాతం, మా ఒడిశాలో 64.3 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ నలుపును అందం లెక్కలో వేసి క్రీము కొనిస్తాం, లోపల పిల్ల నీరసించిపోతుంటుంది.


గుణుపురం_సరోజిని | సోమవారం సాయంత్రం 6:40

సిస్టరమ్మా, నువ్వు సదువుకున్నదానివి, కాదనను. నిమ్మరసం మాట ఇడిసేస్తన్నాను. కానీ మా కాలంలో పిల్లలు సోడి అంబలి, అదే రాగంబలి, తాగీవోరు, వారానికి రెండు మూడు సార్లు మునగాకు, తోటకూర తినీవోరు. నువ్వులుండ చేతిలో పెట్టేదాన్ని. ఇప్పుడు హాస్టళ్లలో ఏటి పెడతన్నారు? అన్నం, నీళ్ల పప్పు, బంగాళాదుంప కూర. ముఖానికి రాసేదానికన్నా కడుపులోకి ఎల్లేది ముఖ్యమని నాను కూడా అంటాను.


రాయగడ_సిస్టర్ | సోమవారం సాయంత్రం 7:05

ఆ మాట బంగారం, అమ్మగారూ. మీరు మానేసిన నిమ్మకాయను ఆ మునగాకు కూర మీద పిండుకుంటే చాలు. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి తొందరగా పట్టదు, పులుపులోని విటమిన్ సి పట్టేలా చేస్తుంది. పద్మగారి వైపు అంబాడీ అంటారే, మన గోంగూర, అదీ పెట్టొచ్చు. మాంసం తినే ఇల్లయితే వారానికోసారి కాలేయం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. రక్తం బాగా తగ్గాక తిండితో మాత్రమే అది తిరిగి రాదు, మాత్రలు కావాలి.


చాందా_ల్యాబ్ | సోమవారం రాత్రి 8:30

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పద్మక్కా, సీబీసీ, అంటే రక్తకణాల పరీక్ష చేయించినప్పుడు హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి రిపోర్టు మడవకండి. గర్భం లేని ఆడవాళ్లకు 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత, 8 కన్నా తక్కువైతే తీవ్రం. దాని కింద ఎంసీవీ అని ఉంటుంది, ఎర్రకణం సైజు. ఇనుము తక్కువైతే కణం చిన్నదవుతుంది, 80 కన్నా దిగుతుంది. తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువు మోసేవాళ్లకూ చిన్నదే ఉంటుంది. అందుకే ఫెరిటిన్ కూడా అడగాలి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెప్తుంది.

ఇంకొకటి. మనది గడ్చిరోలి, చంద్రపూర్. ఇక్కడ సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, అటు కోరాపుట్, రాయగడ వైపు కూడా. సికిల్ జబ్బు ఉన్నవాళ్లకు రక్తం తక్కువుందన్న ఒక్క కారణంతో, ఇనుము నిల్వ చూడకుండా ఇనుము మాత్రలు ఇవ్వకూడదు. పదే పదే రక్తం ఎక్కించుకున్నవాళ్ల ఒంట్లో ఇనుము ఇప్పటికే ఎక్కువై ఉండవచ్చు. ఎలాగూ సూది పొడుస్తున్నారు కాబట్టి సికిల్ పరీక్ష కూడా అదే రోజు చేయించండి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకు గిరిజన ప్రాంతాల ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగా చేస్తున్నారు. మీ ఆశా తాయిని అడగండి.


బల్లార్షా_రమణ | సోమవారం రాత్రి 9:45

నాకు గుడ ఒకటి అడగాలని ఉన్నది. మా బాబుకు తొమ్మిదేండ్లు. మంచిగ తింటడు, మంచిగ పంటడు. రక్తం చూపిస్తె బాగనే ఉన్నది. అయినా కండ్ల కింద నీలం కలిసిన నలుపు. పొద్దున లేవంగనే వరుసగ తుమ్ములు, అరచేత్తోని ముక్కును పైకి రుద్దుతనే ఉంటడు, నోరు తెరిచి నిద్రపోతడు. మా దిక్కు బొగ్గు దుమ్ము సంగతి ఎరికే గద. బడిల పిల్లలు ‘రాత్రంత దొంగతనం చేసినవా’ అంటున్నరట, వాడు బడికి పోనంటున్నడు. దానికి నాకు పానం కొట్టుకుంటాంది.


రాయగడ_సిస్టర్ | మంగళవారం ఉదయం 6:15

రమణగారూ, బాబుది కంటి సమస్యా కాదు, చర్మం సమస్యా కాదు. ముక్కుది. అలర్జీతో ముక్కు లోపలి పొర వాచి ఉంటుంది. కంటి కింది సిరల రక్తం అటునుంచే వెనక్కి పోవాలి. తూము మూసుకుపోతే నీళ్లు వెనక నిలిచినట్టు, ఆ రక్తం పలచని చర్మం కింద నిలిచి నీలంగా కనిపిస్తుంది. కళ్లు నులుముకోవడం తోడైతే పై చర్మం కూడా నల్లబడుతుంది. ముక్కు మీద అడ్డంగా చిన్న గీత పడిందేమో చూడండి. అరచేత్తో పైకి రుద్దే పిల్లలకు అది పడుతుంది.

పిల్లల డాక్టరుకో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో చూపించండి. ముక్కులో కొట్టే స్ప్రే రాస్తారు. అదీ స్టెరాయిడే, కానీ తక్కువ మోతాదు, డాక్టరు చెప్పినన్నాళ్లు సరిగ్గా కొడితే పిల్లలకు ప్రమాదం లేదు. దాన్నీ క్లోబెటసాల్ ట్యూబునీ ఒక గాటన కట్టొద్దు. దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో ఉతకండి. ఇంట్లో చీపురుతో ఊడ్చేటప్పుడు బాబు బయట ఉండాలి, తడిగుడ్డతో తుడిస్తే ఇంకా మంచిది. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ వద్దు. నోరు తెరిచి నిద్రపోతున్నాడన్న మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ముక్కు వెనక ఉండే మెత్తటి కండ, ఎడినాయిడ్లు అంటారు, అవి పెరిగాయేమో చూస్తారు.

బడిలో ఆ మాట అంటున్న పిల్లల గురించి టీచరుతో మాట్లాడండి. తుమ్ములు తగ్గేదాకా దాన్ని వదిలేయకండి.


ధర్మాబాద్_స్వప్న | మంగళవారం మధ్యాహ్నం 1:00

నాకు ధర్మాబాద్‌ల బ్యూటీ పార్లర్ ఉంది. పెండ్లి పిల్లలు వచ్చి ‘అక్కా, ఈ నలుపు పోగొట్టు’ అంటరు. నేను ముందు కిటికీ కాడ కూసోబెట్టి అద్దం ఇస్త. కంటి కింది తోలు వేలితోని మెల్లగ పక్కకు జరిపితె గోధుమ రంగు అట్లనే ఉంటె అది తోలులో ఉన్న రంగు, ఎక్కువ శాతం వంశంకెళ్లి వచ్చేది, లేదా నులిమి నులిమి వచ్చేది. తోలు సాగదీసినప్పుడు నీలం, ఊదా రంగు ఇంకా తేటగ కనిపిస్తె లోపలి రక్తనాళాలు. ఇగ మూడోది, టార్చి లైటు ముఖానికి ఎదురుంగ పెట్టినప్పుడు నలుపు మాయమైతె అసలు నలుపే లేదు, కంటి కింద గుంత పడి నీడ వచ్చింది. నీడకు ఏ క్రీము రాస్తె ఏం లాభం? చాలామందికి రెండు మూడు కలిసి ఉంటయి, అది గుడ చెప్త.

కంటి దగ్గర బ్లీచ్ నేను పెట్టను. ఎంత బతిమాలినా పెట్టను. పెండ్లి దినం కోసమైతె కన్సీలర్ ఉంది. నీలం నలుపు మీద నారింజ ఛాయది ముందు పల్చగ అద్ది, దాని మీద ముఖం రంగుది. కడిగితె పోతది, తోలును పాడు చెయ్యదు.

కాటుక గురించి ఎవ్వరూ రాయలే. రాత్రి కడగకుండ పంటే అది కిందికి జారి ముడతల్ల కూసుంటది, పొద్దున రుద్దితె ఇంకో నష్టం. కొబ్బరినూనె దూదితోని ఒత్తి తియ్యాలె, రుద్దొద్దు. రాయి నూరి చేసిన సుర్మా అసలే వద్దు, దాంట్ల సీసం ఉంటది. మా ఊళ్లె ఎండు మిర్చి పని చేసే ఆడోళ్లకు ఒక మాట, మిర్చి ముట్టిన చేతులు సబ్బుతోని కడిగినా మండుతయి. ముందుగాల నూనెతోని, ఆ తర్వాత సబ్బుతోని కడిగి అప్పుడే కండ్ల దగ్గరికి తేవాలె.


నిర్వాహకులు | మంగళవారం సాయంత్రం 5:00

ఈ చర్చలో తెల్లబరిచే క్రీములు అమ్మే లింకులు వచ్చాయి, తీసేశాం. పెట్టినవారి సభ్యత్వం నిలిపేశాం.


సిరోంచ_పద్మ | తర్వాతి సోమవారం రాత్రి 8:20

చాందా పోయి వచ్చినం. కంటి ఒత్తిడి కుడికి 17, ఎడమకు 16, మంచిగనే ఉన్నదన్నరు. అది ఇన్నాక నాకు ఊపిరి వచ్చింది. చర్మం డాక్టర్ ఆ క్రీము బంద్ చేయించి వేరే మలాము రాసిన్రు, ఎండల తిరగొద్దన్నరు.

రక్తం మాత్రం 8.9 ఉన్నది. ఎంసీవీ 68, ఫెరిటిన్ 6. సికిల్ పరీక్షల ఏఎస్ అని వచ్చింది. అమ్మ ఆ కాయితం చూసిన కాడ్నుంచి అన్నం తింటలేదు. చెల్లెకు జబ్బున్నదా? రేపు పెండ్లి ఎట్ల అంటాంది.


చాందా_ల్యాబ్ | తర్వాతి సోమవారం రాత్రి 8:55

అక్కా, అమ్మను ముందు అన్నం తినమనండి. ఏఎస్ అంటే జబ్బు కాదు, లక్షణం మోసే మనిషి. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు వచ్చింది, రెండోది బాగుంది. ఇలాంటివాళ్లు మామూలుగా బతుకుతారు, చదువుతారు, పిల్లల్ని కంటారు. జబ్బు అంటే ఎస్ఎస్. హిమోగ్లోబిన్ 8.9కి దిగడానికి ఏఎస్ కారణం కాదు. ఫెరిటిన్ 6 అంటే ఇనుము నిల్వ అడుగంటింది, కారణం అది.

పెళ్లి దగ్గర చూడాల్సింది ఒక్కటే. అబ్బాయికి కూడా ఏఎస్ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు ఎస్ఎస్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అబ్బాయి మామూలు ఏఏ అయితే పిల్లలకు ఎస్ఎస్ జబ్బు రాదు. కాబట్టి అబ్బాయి రక్తం కూడా చూపించి మాట్లాడుకోవాలి. దాచకండి. మీ పరీక్ష కూడా చేయించండి, అమ్మానాన్నలవి కూడా.


రాయగడ_సిస్టర్ | తర్వాతి సోమవారం రాత్రి 10:30

పద్మగారూ, కంటి రిపోర్టు చదివి దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇనుము మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, భయం లేదు. కొందరికి వికారం, మలబద్ధకం వస్తాయి. అప్పుడు మానేయకండి, తిన్నాక వేసుకోమనండి, లేదా డాక్టరును అడిగి మందు మార్పించండి. సరిగ్గా పడితే నెలకు ఒకటి, రెండు గ్రాములు పెరుగుతుంది. 12 దాటగానే ఆపకూడదు, నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. నెలసరి అన్నాళ్లు ఎందుకు పోతుందో ఆడవాళ్ల డాక్టరు చూడాలి, థైరాయిడ్ కూడా చూపించండి. అక్కడ కారుతుంటే ఎన్ని మాత్రలు మింగినా నిలవదు. నులిపురుగుల మాత్ర కూడా అడగండి.


సిరోంచ_పద్మ | తర్వాత, ఆదివారం ఉదయం 10:40

చాన దినాలకు వస్తున్న. క్రీము బంద్ చేసినంక మొదట్ల మస్తు ఎర్రగైంది, పొక్కులొచ్చినయ్. పిల్ల ఫోన్ల ఏడ్చింది. మీరు ముందే చెప్పిన్రు కాబట్టి ఆగినం. ఇప్పుడు మంట లేదు. రక్తం 11.4 అయింది. మెట్లు ఎక్కితె దడ లేదట, బియ్యం బుక్కుడు దానంతట అదే బందైంది. పెదవులకు రంగొచ్చింది. కండ్ల కింద సగానికి సగం తేటగైంది. గోధుమ రంగు జరంత ఉన్నది, మా అమ్మకున్నట్టే. స్వప్నక్క చెప్పినట్టు వేలితోని జరిపి చూసిన, రంగు అట్లనే ఉన్నది. అది పోతదా?


బల్లార్షా_రమణ | అదే రోజు మధ్యాహ్నం 12:30

శానా సంతోషం అక్కా. మా వాడికి స్ప్రే రాసిన్రు, ఎడినాయిడ్లు జర పెరిగినయట, మందులతోనే చూద్దామన్నరు. ఇప్పుడు నోరు మూసుకొని నిద్రపోతున్నడు. టీచరమ్మ తరగతిల పిల్లలతోని మాట్లాడింది, బడికి పోతున్నడు.


రాయగడ_సిస్టర్ | అదే రోజు రాత్రి 9:10

అమ్మ నుంచి వచ్చిన రంగు పూర్తిగా పోదు, పద్మగారూ. పోగొడతామని ఎవరైనా అంటే నమ్మకండి. ముదరకుండా ఆపొచ్చు, కొంత తగ్గించొచ్చు. మీ దగ్గర ఎండలు తెలిసినవే కదా, గొడుగు, చలువ అద్దాలు వాడాలి. జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాని సన్‌స్క్రీన్ కంటి గుంత ఎముక మీదుగా అద్దుకోవాలి. చర్మం పూర్తిగా కుదుటపడ్డాక విటమిన్ సి, అజెలాయిక్ ఆమ్లం లాంటి నలుపు తగ్గించే పూతలు ఆ డాక్టరే చూసి మొదలుపెడతారు. మూడు నెలలు వాడితేగానీ తేడా తెలియదు. ఇప్పుడే కొనకండి.


గుణుపురం_సరోజిని | అదే రోజు రాత్రి 9:25

అమ్మకున్న ఛాయ పిల్లకొస్తే తప్పేటి తల్లీ. ముఖంలోకి రక్తం వచ్చింది, నాకదే సాలు. సోడిపిండి, మునగాకు పొడి మా ఇంట్లో ఉన్నాయి, అడ్రసు నిర్వాహకులకి పంపు, పార్సిలు ఏస్తాను.


కిన్వట్_శ్రీను | అదే రోజు రాత్రి 10:00

మా ఇంట్లో కూడా ఇనుము మాత్రలు వాడుతున్నారు. మా ఆవిడ పొద్దున మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగుతుంది. అలా తాగొచ్చా?


రాయగడ_సిస్టర్ | అదే రోజు రాత్రి 10:15

వద్దండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర అన్నీ ఇనుమును పట్టనివ్వవు. మాత్రకు ముందు ఒక గంట, తర్వాత రెండు గంటలు వీటిని దూరం పెట్టమనండి. పొద్దున టీ మానలేకపోతే మాత్రను మధ్యాహ్నానికో రాత్రికో మార్చుకుంటే సరిపోతుంది. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే మరీ మంచిది.